తొలగింపులో మిగిలే శేషం: ‘ఆప్ట్’ ఆదేశాల తెలుగు పరిభాషపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: డెబియన్ లినక్స్ వ్యవస్థలో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను స్థాపించడానికి, తొలగించడానికి వాడే ‘ఆప్ట్’ ఆదేశాల అర్థభేదాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నిఘంటువులోని అర్థాన్ని కాక, ఆదేశం చేసే పనిని బట్టి తెలుగు పరిభాషను నిర్ణయించాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: డెబియన్, ఆప్ట్, పరిభాష, అనువాదం, ఆధారం, ఆధేయం

1. ఉపోద్ఘాతం

1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్ ప్రాజెక్టును ప్రారంభించాడు. అందులో ప్యాకేజీని స్థాపించే పని ‘డీపీకేజీ’ది, దానికి అవసరమైన ఇతర ప్యాకేజీలను గుర్తించి, తెచ్చి, క్రమంలో అందించే పని ‘ఆప్ట్’ది. 1999లో వెలువడిన డెబియన్ 2.1తో ఆప్ట్ వాడుకలోకి వచ్చింది. ఆదేశపంక్తిలో మాటే క్రియ. అక్కడ పదార్థాన్ని పొరబడితే చెడేది వాక్యం మాత్రమే కాదు, యంత్రంలోని వ్యవస్థ కూడా.

2. తొలగింపు – శేషం

‘రిమూవ్’ ఆదేశం ప్యాకేజీని తీసివేస్తుంది గాని, వ్యవస్థలో దాని అమరికల ఫైళ్లను మిగులుస్తుంది. డీపీకేజీ జాబితాలో అటువంటి ప్యాకేజీ ఎదుట ‘ఆర్‌సీ’ అనే గుర్తు కనిపిస్తుంది. పొరపాటున తీసివేసిన దాన్ని తిరిగి స్థాపించినప్పుడు ఆ శేషమే అక్కరకు వస్తుంది. ‘పర్జ్’ ఆ శేషాన్ని కూడా తీసివేస్తుంది. ఈ రెండింటికీ ‘తొలగించు’ అనే ఒకే మాట వాడితే భేదం లోపిస్తుంది. ‘పర్జ్’ను ‘ప్రక్షాళన’ అంటే కడగడం స్ఫురిస్తుంది. ‘విరేచనం’ అంటే అది వైద్యుల మాట. ‘సమూల నిర్మూలన’ అంటే అతివ్యాప్తి: వాడుకరి హోమ్ డైరెక్టరీలోని అమరికలను పర్జ్ తాకదు. ‘వ్యవస్థ అమరికలతో సహా తొలగించు’ అన్న పదబంధం దీర్ఘమే అయినా, చేసే పనిని మించదు, తగ్గించదు.

3. ఆధారం – ఆధేయం

ఆంగ్లంలో ‘డిపెండెన్సీ’ అనే మాట సంబంధానికీ, ఆధారమైన ప్యాకేజీకీ కూడా చెల్లుతోంది. దాన్ని ‘ఆధారితం’ అని అనువదిస్తే దిశ తలకిందులవుతుంది. శాస్త్రగ్రంథాల ద్వారా తెలుగుకు సంక్రమించిన ‘ఆధారం–ఆధేయం’ అనే జంటలో ఈ సందిగ్ధత లేదు. ఆధారాన్ని తొలగిస్తే ఆధేయం నిలవదు. అందుకే ఆప్ట్ దాన్ని కూడా తొలగింపు జాబితాలో చేరుస్తుంది. ఆధేయాన్ని తొలగిస్తే మాత్రం ఆధారం మిగిలిపోతుంది. ఇతర ప్యాకేజీల కోసం స్వయంచాలకంగా వచ్చి, ఇప్పుడు దేనికీ అక్కరలేని ఆధారాలను ‘ఆటోరిమూవ్’ ఏరివేస్తుంది. వాడుకరి కోరి స్థాపించుకున్నవి దాని పరిధిలోకి రావు. ఇక్కడ సంప్రదాయ పరిభాష అలంకారం కాదు, అవసరం.

4. అంగీకార వాక్యం

వ్యవస్థకు అత్యవసరమైన ప్యాకేజీని తొలగించబోతే, ‘అవును, చెప్పినట్టు చేయి’ అనే భావం గల పూర్తి వాక్యాన్ని టైపు చేయమని ఆప్ట్ చాలాకాలం అడిగేది. వాడుకరి ఆ వాక్యాన్ని టైపు చేయవలసి ఉంటుంది కనుక కష్టమైన అక్షరాలు వాడవద్దని అనువాదకులకు మూలసంకేతంలోనే హెచ్చరిక ఉంది. గుణింతాలు, ఒత్తులు గల తెలుగుకు ఇది చిన్న అడ్డంకి కాదు. లినక్స్ అక్షర కన్సోల్ తెలుగు లిపిని సరిగా చూపలేదు. అర్థం తెలియని ఆంగ్లవాక్యాన్ని చూసి టైపు చేసినవాడు ఆదేశించినట్టు లెక్క గాని, అంగీకరించినట్టు కాదు.

5. ముగింపు

సాంకేతిక పరిభాషానిర్మాణం పదానికి పదం వెతకడంతో ముగియదు. ఆదేశం దేన్ని తీసివేస్తుందో, దేన్ని మిగులుస్తుందో తెలిపినప్పుడే అనువాదం వాడుకరిని నష్టం నుండి కాపాడుతుంది. తెలుగులో సాంకేతిక బోధన చేసే అధ్యాపకులు ఈ ప్రమాణాన్ని తరగతిగదిలోనే పరీక్షించవచ్చు: పదం విన్న విద్యార్థి, ఆదేశం ఇవ్వకముందే, ఏది మిగులుతుందో చెప్పగలగాలి.