జీవవైవిధ్య పాఠము: రెండు శీర్షికలు చాలునా?

మన ఉన్నత పాఠశాలలలో జీవవైవిధ్యమును గూర్చి చెప్పునపుడు సంరక్షణ పద్ధతులను రెండు శీర్షికల క్రింద వ్రాయించుట పరిపాటి. జీవిని దాని సహజ నివాసమునందే కాపాడుట మొదటిది. దీనిని స్వస్థాన సంరక్షణ అందురు. నివాసమునుండి వేరుచేసి మరియొకచోట కాపాడుట రెండవది. ఇది పరస్థాన సంరక్షణ. మొదటిదాని క్రింద జాతీయోద్యానములు, అభయారణ్యములు; రెండవదాని క్రింద జంతు ప్రదర్శనశాలలు, విత్తనపు బ్యాంకులు. ఈ పట్టికను కంఠస్థము చేసిన విద్యార్థికి మార్కులు వచ్చును.

ఈ విభజన తప్పు కాదు. 1992లో రియో డి జెనీరోలో అనేక దేశములు సంతకము చేసిన జీవవైవిధ్య ఒడంబడికలో సైతము ఇది కలదు. అయితే పాఠము పట్టికతోనే ఆగిపోవుట లోపము. హద్దు గీసినంతనే, పంజరములో ఉంచినంతనే జీవి రక్షింపబడినదని విద్యార్థి తలపోయును. వాస్తవము అట్లు లేదని కొన్ని ఉదాహరణముల వలన గ్రహింపవచ్చును.

మొదట మన కలివికోడిని తీసికొందము. జెర్డన్ అను వైద్యుడు సేకరించిన ఈ పక్షిని 1848లో బ్లైత్ శాస్త్రీయముగా వర్ణించెను. 1900 తరువాత అది ఎవరికిని కానరాలేదు; అంతరించినదనియే తలచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్, స్థానికులైన పక్షుల వేటగాండ్ర సహాయముతో, దానిని కడప జిల్లాలో మరల కనుగొనెను. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడెను. పాఠములో కథ ఇచ్చటితో ముగియును.

కాని ఆ హద్దులలోపల ఏ నేల దానికి నచ్చును? కలివికోడి రాత్రివేళ సంచరించును, కంటబడుట అరుదు. అందుచేత పరిశోధకులు మెత్తని మన్నును పట్టీలుగా పరచి, దానిపై పడిన అడుగుజాడలను వెదకిరి. పొదలు మరీ దట్టముగా నున్నచోటను, పూర్తిగా నరికివేసిన చోటను ఈ పక్షి నిలువదని తేలినది. రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారునకు 300 మొదలు 700 వరకు ఉండి, నడుమ బయలు నేల గల చిట్టడవి దానికి అనుకూలము. కావున పొదలను అతిగా నరుకుట ఎంత ప్రమాదమో, పశువుల మేతను పూర్తిగా మాన్పించి పొదలను క్రమ్ముకొననిచ్చుటయు అంత ప్రమాదము కావచ్చును. తెలుగుగంగ కాలువ పనులు దీని నివాసమునకు ముప్పు తేగా, కాలువ మార్గమును సైతము మార్చవలసి వచ్చినది. అటుపిమ్మట చాల సంవత్సరములు పక్షి జాడ దొరకలేదు. 2025లో దాని కూత మరల వినవచ్చినట్లు పక్షి పరిశీలకులు తెలిపిరి.

రాజస్థాన్‌లో భరత్‌పూర్ వద్దనున్న కేవలాదేవ్ జాతీయోద్యానము చెప్పు పాఠము ఇంకను కఠినమైనది. నీటిపక్షులకు ప్రసిద్ధి చెందిన ఈ ఉద్యానములో 1982లో పశువుల మేతను నిషేధించిరి. గ్రామస్థులకును పోలీసులకును ఘర్షణ జరిగి ప్రాణనష్టము కలిగెను. పక్షులకైనను మేలు జరిగినదా? అంతవరకు గేదెలు మేయుచుండిన గడ్డి విచ్చలవిడిగా పెరిగి నీటిని కప్పివేసినది. తెరపి నీటిలో ఈదుచు మేతను వెదకుకొను పక్షులకు చోటు తగ్గినది. గేదెల వలన అచ్చట మేలే జరుగుచుండెడిదని బొంబాయి సంఘమువారి దీర్ఘకాలిక పరిశీలనలో వెల్లడి అయినది. కంచె ఉన్నది, కావలి ఉన్నది. ఆ చెరువు నడచు తీరును గూర్చిన జ్ఞానము మాత్రము ముందుగా లేకపోయినది.

ఇక రాబందులను చూడుడు. 1990 తరువాత మన దేశములో వీనియందు మూడు జాతుల సంఖ్య నూటికి 95కు మించి పడిపోయినది. పశువులకు నొప్పి తగ్గుటకై ఇచ్చు డైక్లోఫినాక్ అను మందు కళేబరముల ద్వారా వాని శరీరములలో చేరి మూత్రపిండములను పాడుచేయుచున్నదని 2004లో ప్రకటింపబడిన పరిశోధన తెల్పినది. 2006లో పశువైద్యమున ఆ మందును భారత ప్రభుత్వము నిషేధించెను. మెలాక్సికామ్ అను మందు దానికి బదులుగా వాడుకకు వచ్చినది. ఈ నిషేధమును మన పట్టికలో ఏ శీర్షిక క్రింద వ్రాయవలెను? అది అభయారణ్యము కాదు, పంజరమును కాదు. అయినను అది లేనిదే తక్కినవి వ్యర్థము. హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాల వంటిచోట్ల రాబందులను పెంచుచున్నారు. బయట విషము మిగిలియున్నచో, పెంచిన పక్షులను ఎచ్చటికి విడుతురు?

విత్తనముల విషయమును ఇట్టిదే. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలగు పైరుల విత్తన నమూనాలను లక్షకు పైగా శీతల గదులలో భద్రపరచుచున్నది. ఇది అమూల్యమైన సేవ. కాని గదిలోని విత్తనము నిద్రించుచుండును. మారుచున్న వర్షపాతమునకును, క్రొత్త తెగుళ్ళకును ఏటేట అలవాటుపడునది రైతు చేనిలోని విత్తనమే. పరస్థాన సంరక్షణ ప్రధానముగా స్వస్థాన సంరక్షణకు తోడ్పడుటకే అని ఒడంబడిక స్పష్టముగా చెప్పినది. మన పట్టికలో మాత్రము రెండును సంబంధము లేని రెండు గడులుగా నిలుచుచున్నవి.

ఉపాధ్యాయులు ఈ పట్టికను విడిచిపెట్టనక్కరలేదు. దాని ప్రక్కన మూడు ప్రశ్నలు చేర్చిన చాలును. ఈ జీవి బ్రతుకుటకు ఏమి కావలెను? దానికి ముప్పు ఎచ్చటినుండి వచ్చుచున్నది? మన చర్య ఫలించినదని ఎట్లు తెలిసికొందుము? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకు కేవలాదేవ్ దాక పోనక్కరలేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము క్రింద స్థానిక సంఘములు తమ ప్రాంతపు జీవజాతులను గూర్చి ప్రజా జీవవైవిధ్య పట్టికలను తయారుచేయవలసియున్నది. విద్యార్థులు ఆ పనికి తోడ్పడవచ్చును.

బావిగట్టున ముండ్లచెట్టుకు వ్రేలాడు గిజిగాని గూళ్ళను ప్రతి సంవత్సరము లెక్కించి వ్రాసిపెట్టుకొనమనుడు. గూళ్ళు తగ్గిన ఏడు చెట్టును కొట్టివేసిరా, గూటికి పనికివచ్చు పొడవాటి గడ్డి కరవైనదా, పిల్లలను పెంచుటకు పురుగులు చాలలేదా అని విచారింపుమనుడు. నాలుగేండ్లు ఇట్లు చేసిన విద్యార్థికి రెండు శీర్షికల అర్థమును, వాని పరిమితియు తెలియును. పరీక్షలో "సంరక్షణ పద్ధతులను పేర్కొనుము" అని అడుగుటకు బదులు "మీ ఊరి గిజిగానిని కాపాడుటకు ఏమి చేయుదువు, ఎందుచేత?" అని అడిగిన నాడు ఈ పాఠము సార్థకమగును.