కొండ అవతల ఎవరి పొలం ఉంది?

కత్తి దూసి రాక్షస రాజ్యపు కోటలోకి చొరబడిన వీరుడికి సింహాసనం మీద ఒక యువతి కనిపిస్తుంది. ఆమె రాక్షసుల రాణి. ఆయుధం తీయదు, లెక్కలు తీస్తుంది. ఈ యుద్ధం రేపే ఆగిపోతే సరిహద్దు రాజ్యాలకు వచ్చే సాయం ఆగిపోతుందనీ, జనం పస్తులుంటారనీ వివరిస్తుంది. యుద్ధం మీదే బతుకుతున్న లోకంలో ఒక్క కత్తివేటుతో శాంతి రాదని ఆమె వాదన. ఎవరూ ఇంతవరకు చూడని కొండ అవతలి లోకాన్ని చూద్దాం రమ్మని వీరుణ్ణి పిలుస్తుంది. ఇద్దరూ చేతులు కలిపి, మంచు ముసిరిన ఒక పేద గ్రామానికి వెళతారు. అక్కడ వాళ్లు మొదలుపెట్టేది పోరాటం కాదు, వ్యవసాయం!

ఇది జపాన్‌లో తయారైన యానిమేషన్ ధారావాహిక ‘మాఓయూ మాఓ యూషా’. తోనో మమరే రాసిన కథ ఆధారంగా 2013 జనవరి నుంచి మార్చి వరకు 12 భాగాలుగా ప్రసారమైంది. ఇందులో ఎవరికీ పేర్లుండవు. రాణి, వీరుడు, యువ వర్తకుడు, పెద్ద పనిపిల్ల, చిన్న పనిపిల్ల – అంతే.

బొమ్మల కథకు సైన్సు పత్రికలో పనేమిటని మీరు అడగవచ్చు. పంటల మార్పిడి, బంగాళాదుంప, మొక్కజొన్న, దిక్సూచి, గోధుమ ధర – ఇవే ఆయుధాలుగా నడిచే కథ ఇది. శాస్త్ర జ్ఞానం సమాజంలోకి ఎలా వస్తుందో చెప్పడానికి ప్రయత్నించింది. ఆ ప్రయత్నం ఎంతవరకు నిజమో చూడాలంటే మనకొక కొలబద్ద కావాలి. ఆ కొలబద్ద మన పక్కనే ఉంది. అది బస్తర్.

శబరి నది దాటితే కుంట, ఆ పైన దక్షిణ బస్తర్. అక్కడి దోర్లలు మన కోయల బంధువులు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమయ్యాక కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు అక్కడికి వెళ్లి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశ సంప్రదాయం చెబుతుంది. అయితే ఈ వ్యాసానికి బస్తర్‌ను ఎంచుకోవడానికి అసలు కారణం వేరు. వందేళ్లకు పైగా అక్కడికి బయటినుంచి సంస్కర్తలు వస్తూనే ఉన్నారు. వాళ్లు ఏం తెచ్చారో, జనం ఏం తీసుకున్నారో చరిత్రలో నమోదై ఉంది.

నాలుగు చెక్కల పొలం

ముందుగా కథలోని సైన్సు చూద్దాం. మధ్యయుగపు ఐరోపాలో చాలా గ్రామాలు భూమిని మూడు చెక్కలు చేసేవి. ఒకదానిలో గోధుమో రైయో, రెండోదానిలో బార్లీ, ఓట్లు, బఠాణీ వంటివి, మూడోది బీడు. అంటే ఏటా మూడోవంతు భూమి ఖాళీ. రాణి ఆ బీడు తీసేసి టర్నిప్ దుంపను, క్లోవర్ అనే పశుగ్రాసాన్ని చేర్చి నాలుగు చెక్కల పద్ధతి నేర్పుతుంది. టర్నిప్ చలికాలంలో పశువులకు మేత. పశువులు బతికితే పేడ ఎరువు. క్లోవర్ వేళ్లమీద ఉండే బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. మన రైతు వరి తర్వాత పెసరో జనుమో చల్లడంలో ఉన్న రహస్యమూ ఇదే.

సైన్సు సరిగానే ఉంది. తప్పు వరుసలో ఉంది. వేరు బుడిపెల రహస్యాన్ని జర్మన్ శాస్త్రవేత్తలు హెల్రీగెల్, విల్ఫార్త్ 1880లలో నిరూపించారు. కానీ ఫ్లాండర్స్ రైతులు టర్నిప్, క్లోవర్‌లను పంటల వరుసలో చేర్చింది అంతకు రెండు శతాబ్దాల ముందే. ఇంగ్లండులోని నార్‌ఫోక్ జమీందార్లు 18వ శతాబ్దంలో దాన్ని ప్రచారం చేశారు. అంటే పొలం ముందు, ప్రచారం తర్వాత, సిద్ధాంతం చివర. కథలో ఇది తలకిందులైంది. జ్ఞానం రాణి చదివిన గ్రంథాలయం నుంచి నేరుగా పల్లెలోకి దిగుతుంది. గ్రామస్థులు ఆశ్చర్యపోతారు, నేర్చుకుంటారు. రాణికి ఎదురు పాఠం చెప్పగల రైతు ఈ 12 భాగాల్లో నాకు ఒక్కడూ కనిపించలేదు.

పొలంలోని గ్రంథాలయం

బస్తర్ రైతు భూమిని ఎలా చూస్తాడో గమనించండి. ఎత్తున ఉండి నీరు నిలవని నేలను మర్హాన్, టిక్రా అంటాడు. మధ్య నేల మాల్. నీరు చేరే పల్లపు నేల గభార్. టిక్రాలో త్వరగా కోతకొచ్చే వరి లేదా చిరుధాన్యం వేస్తాడు, గభార్‌లో ఎక్కువ రోజుల వరి. వాన ఒక చెక్కను దెబ్బతీస్తే మరో చెక్క ఆదుకుంటుంది. ఒక్క కుటుంబం అనేక వరి రకాలను కాపాడుకోవడానికి కారణం మోజు కాదు, లెక్క.

ఈ లెక్కను గౌరవించిన శాస్త్రవేత్త డాక్టర్ ఆర్.హెచ్. రిచ్ఛారియా. కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు సంచాలకుడిగా పనిచేసిన ఆయన 1970లలో రాయ్‌పూర్ కేంద్రంగా నాటి మధ్యప్రదేశ్ పల్లెల నుంచి సుమారు 19 వేల వరి నమూనాలు సేకరించారు. ఆ నిధి ఇప్పుడు రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉంది. 2002లో సింజెంటా అనే బహుళజాతి విత్తన సంస్థతో విశ్వవిద్యాలయం ఒప్పందానికి సిద్ధపడితే, విత్తనం రైతులదని జనం నిరసన తెలిపారు. ఒప్పందం ఆగిపోయింది.

ఇన్ని రకాలెందుకు? జవాబు ఐర్లండు చెబుతుంది. కథలో రాణి తెచ్చిన బంగాళాదుంప ఆకలిని జయిస్తుంది. నిజ చరిత్రలోనూ ఆ దుంప ఐరోపాకు ఎంతో మేలు చేసింది. కానీ ఐర్లండు పేదలు ‘లంపర్’ అనే ఒకే రకం మీద ఆధారపడ్డారు. దుంపను ముక్కలు కోసి నాటుతారు కాబట్టి మొక్కలన్నీ ఒకే జన్యువులతో ఉంటాయి. 1845లో ఆకుమాడు తెగులు వచ్చింది. ఒక మొక్కను చంపగలిగిన తెగులు అన్నింటినీ చంపింది. ఆ కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. అదే ఏళ్లలో ఐర్లండు ధాన్యం ఓడలెక్కి విదేశాలకు పోయింది. కొత్త పంట ఒక్కటే ఆకలికి మందు కాదని దీనికంటే పెద్ద సాక్ష్యం అక్కరలేదు.

అలాగని పాతదంతా బంగారమని నేను అనడం లేదు. అబూజ్‌మాడ్ కొండల్లోని పెందా సాగు మన పోడు వంటిదే. చెట్లు కొట్టి, కాల్చి, రెండు మూడేళ్లు పండించి వదిలేస్తారు. అడవి మళ్లీ పెరిగే వ్యవధి ఉన్నంతకాలం అది నిలుస్తుంది, వ్యవధి తగ్గితే నేల పేదదవుతుంది. 1899-1900లో, 1907-08లో బస్తర్ ఘోరమైన కరువులు చూసింది. మార్పు అవసరమే. అయితే ఎలాంటి మార్పు? 1970లలో ప్రపంచ బ్యాంకు అక్కడి 4,600 హెక్టార్ల సహజ సాల అడవిని తొలగించి కాగితపు గుజ్జుకోసం పైన్ చెట్లు నాటాలని ప్రతిపాదించింది. నిరసనల తర్వాత గాని ఆ పథకం ఆగలేదు. కాగితపు మిల్లుకు సాల చెట్టు పనికిరానిది కావచ్చు. గింజ ఏరుకునే కుటుంబానికి అది ఒక నెల తిండి.

సమానమైన తూకం

ఈ ధారావాహికలో నాకు బాగా నచ్చింది సంత. యువ వర్తకుడు గోధుమను ముందే కొనిపెట్టి ధర ఎగదోస్తాడు. కత్తి ఎత్తకుండానే పెద్ద రాజ్యాలు గజగజలాడతాయి. పంట పండించడం సగం పనేనని, మిగతా సగం ధరలో ఉందని ఇంత స్పష్టంగా చెప్పిన బొమ్మల కథ అరుదు.

బస్తర్ వారపు సంతల్లో ఒకప్పుడు తూకానికి తూకం ఉప్పు ఇచ్చి సారపప్పు తీసుకునేవారు. తక్కెడ మోసం అక్కరలేదు. తూకం సమానమే, విలువ సమానం కాదు. అడవిలో ఉప్పు పుట్టదు. సారపప్పు పట్నంలో ఎంత పలుకుతుందో ఏరినవాళ్లకు తెలియదు. కొనేవాడికి రెండూ తెలుసు. ఆ తేడాయే లాభం. అడవి ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకాన్ని కేంద్రం 2013-14లో గాని ప్రారంభించలేదు. కాబట్టి రాణి బడిలో నేర్పవలసిన మొదటి లెక్క దుంప దిగుబడి కాదు, ఈ తూకం లెక్క.

బడి ఎందుకు కాలింది?

కథలో రాణి ఇంటికి ఇద్దరు అక్కచెల్లెళ్లు పారిపోయి వస్తారు. జమీందారు భూమికి కట్టుబడిన వాళ్లు. అనువాదానికి కూర్చుంటే నిఘంటువు ‘అర్ధబానిసలు’ అంటుంది. మన పల్లె మాటల్లో దగ్గరిది ‘వెట్టి’. బస్తర్ చరిత్రలోనూ ఆ వెట్టి ఉంది.

1905లో ఆంగ్ల ప్రభుత్వం బస్తర్ అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలని ప్రతిపాదించింది. పెందా, వేట, అటవీ సేకరణ ఆపమంది. అప్పటికే భూమి శిస్తు పెరిగింది. అధికారులు వస్తే ఉచితంగా చాకిరీ చేయాలి, సరుకులు ఇవ్వాలి. 1910లో మామిడి కొమ్మలు, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణాలు ఊరూరా తిరిగాయి. అదే భూంకాల్. గుండాధుర్ పేరు ఆ తిరుగుబాటుతో ముడిపడి ఉంది. జనం బజార్లు దోచారు, ధాన్యం పంచుకున్నారు, పోలీసు ఠాణాలు తగలబెట్టారు. బడులు కూడా తగలబెట్టారు.

బడిని ఎందుకు? చదువంటే గిట్టకనా? కాదనుకుంటాను. వాళ్లకు తమదైన చదువు ఉంది. మురియాల గోతుల్‌లో యువతీయువకులు పాట, పని, పరస్పర బాధ్యత నేర్చుకునేవారు. వెరియర్ ఎల్విన్ 1947లో దానిమీద పెద్ద గ్రంథమే రాశారు. బడిని తెరిచిన చెయ్యి, అడవిని మూసిన చెయ్యి ఒకటే కావడం అసలు సంగతి. దాదాపు నూరేళ్ల తర్వాత, 2005 నుంచి సాగిన హింసలో బస్తర్ బడులు మళ్లీ నలిగాయి. భద్రతా దళాలు బడులను ఖాళీ చేయాలని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. రాణి మంచు గ్రామంలో ఈ చిక్కు లేదు. ఆమె బడి వెనుక శిస్తు లేదు, తుపాకీ లేదు. అందుకే ఆమె పని అంత సులువైంది.

అయినా ఈ కథను నేను తోసిపుచ్చలేను. చర్చి రాణిని మతద్రోహిగా ప్రకటించినప్పుడు ఆమె వేషంలో జనం ముందు నిలబడేది పెద్ద పనిపిల్ల. కొరడా దెబ్బలు తింటూనే, తాను మనిషినని, తన బతుకు తానే నిర్ణయించుకుంటానని చెబుతుంది. ఆ మాటలు రాణి నేర్పినవి కావు. పాఠం ఫలించిందనడానికి గుర్తు అదే. గురువు చెప్పనిది శిష్యురాలు చెప్పింది. ఆ ఒక్క దృశ్యంలో రచయిత తన మిగతా కథను తానే సరిదిద్దుకున్నాడు.

భూంకాల్‌లో తిరిగిన మిరపకాయ సంగతి ఒక్కసారి తలుచుకోండి. మిరప మన మొక్క కాదు. బంగాళాదుంపలాగే, మొక్కజొన్నలాగే అమెరికా ఖండం నుంచి సముద్రాలు దాటి వచ్చింది. ఏ రాణీ బస్తర్ రైతుకు దాన్ని నేర్పలేదు. తన పెరట్లో వేసుకున్నాడు, తన కూరలో కలుపుకున్నాడు, చివరికి తన తిరుగుబాటుకు సంకేతం చేసుకున్నాడు. కొత్తది నచ్చకపోవడం రైతు జబ్బు అనేవాళ్లకు ఆ మిరపకాయే జవాబు.

మీలో కొందరు రేపు వ్యవసాయాధికారులవుతారు, కొందరు ఉపాధ్యాయులవుతారు. ఈ ధారావాహిక దొరికితే తప్పక చూడండి. చూశాక ఒక పని చేయండి. మీ ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, ఒకప్పుడు పండించిన వరి రకాల పేర్లు అడగండి. కాగితం మీద మూడు గడులు గీయండి: రకం పేరు, ఏ చెక్కలో వేసేవారు, ఎందుకు. మూడో గడిని వాళ్లు చెప్పిన మాటల్లోనే నింపండి. రాణి గ్రంథాలయంలో లేని పుస్తకంలో అది మొదటి పుట అవుతుంది.