కక్ష్య కుదిరిన తరువాత: ‘కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్’ క్రీడపై ఒక విమర్శ

ఉపోద్ఘాతం

మెక్సికోకు చెందిన స్క్వాడ్ సంస్థ రూపొందించిన ‘కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్’ 2015లో పూర్తిస్థాయిలో విడుదలైన అంతరిక్షయాన కంప్యూటర్ క్రీడ. ఇందులో ఆటగాడు రాకెట్లను కూర్చి, కెర్బిన్ అనే కల్పిత గ్రహం చుట్టూ ఉపగ్రహాలను నిలుపుతాడు. కక్ష్యా కచ్చితత్వాన్ని ఈ క్రీడ ఎలా నిర్వచిస్తోందో, ఆ నిర్వచనం ఏ శ్రమను మరుగుపరుస్తోందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

క్రీడ నేర్పేది

కెర్బిన్ ఒక ఆత్మభ్రమణానికి 5 గంటల 59 నిమిషాల 9.4 సెకన్లు తీసుకుంటుంది. ఉపగ్రహం నేలపై ఒకే చోటికి ఎగువన నిలవాలంటే మధ్యరేఖపై సుమారు 2,863 కి.మీ. ఎత్తున, సరిగ్గా అంతే కాలంలో గ్రహాన్ని చుట్టిరావాలి. కొత్త ఆటగాడు ఎత్తును చూస్తాడు. అనుభవజ్ఞుడు పరిభ్రమణ కాలాన్ని చూస్తాడు. కాలంలో ఒక్క సెకను తేడా ఉన్నా, కెర్బిన్ సంవత్సరం గడిచేసరికి ఉపగ్రహం సుమారు 7 డిగ్రీలు పక్కకు జరుగుతుంది. అందుకే చివరి సవరణలో ఇంజను బలాన్ని బాగా తగ్గించి రవ్వంత వేగాన్ని మాత్రమే కలపాలి. కంటికి ఆనే ఎత్తు నుంచి కాలం వైపు దృష్టిని మళ్ళించడం ఈ క్రీడ సాధించిన బోధనా విజయం.

ఈ పాఠానికి వాస్తవ ఆధారం ఉంది. శ్రీహరికోట నుంచి 2013 నవంబర్ 5న బయలుదేరిన మంగళయాన్‌కు, 11న జరిపిన నాలుగో కక్ష్యా విస్తరణలో సెకనుకు 130 మీటర్ల వేగం చేరవలసి ఉండగా 35 మీటర్లే చేరింది. మరునాడు ఇంజనును మళ్ళీ మండించి, కక్ష్య దూరబిందువును 1,18,642 కి.మీ.కు చేర్చారు.

క్రీడ దాచేది

క్రీడలో నౌకపై ఏ క్షణంలోనైనా ఒక్క గోళపు ఆకర్షణే పనిచేస్తుంది. వాతావరణం దాటి ఒకసారి కుదిరిన కక్ష్య చెదరదు. ఉపగ్రహాన్ని నిలిపే ఒప్పందం కూడా నిర్దేశిత కక్ష్యలో 10 సెకన్లు స్థిరంగా ఉంటే నెరవేరినట్టే. వాస్తవంలో 35,786 కి.మీ. ఎత్తున ఉన్న భూస్థిర ఉపగ్రహాన్ని సూర్యచంద్రుల ఆకర్షణ ఉత్తర దక్షిణాలకు వాలుస్తుంది. భూమధ్యరేఖ పరిపూర్ణ వృత్తం కాకపోవడం తూర్పు పడమరలకు జరుపుతుంది. హాసన్‌లోని ఇస్రో నియంత్రణ కేంద్రం ఏళ్ల తరబడి దాన్ని సరిదిద్దుతూనే ఉండాలి. ఇంధనం అయిపోతే యంత్రాలు బాగున్నా ఉపగ్రహం తన స్థానాన్ని నిలుపుకోలేదు.

విశాఖపట్నం ఓడరేవు ఇందుకు చక్కని పోలిక. తీరం వెంబడి ఉత్తరానికి సాగే ఇసుక రేవు వద్ద ఆగి మేటవేస్తుంది. ఇసుక అందని ఉత్తరపు బీచ్ కోతకు గురవుతుంది. అందువల్ల ఇసుకను తవ్వి బీచ్‌కు చేర్చే పనికి ముగింపు లేదు. రేవు లోతు ఒకనాటి నిర్మాణ ఫలితం మాత్రమే కాదు, నిత్య నిర్వహణ ఫలితం కూడా. కక్ష్య కూడా అంతే.

ముగింపు

సరళీకరణ లేనిదే క్రీడ లేదన్న వాదన సమంజసమే. అనేక గోళాల ఆకర్షణను లెక్కించే ‘ప్రిన్సిపియా’ అనే అనుబంధాన్ని ఔత్సాహికులే రూపొందించారు. అయినా లోపం గణితంలో కన్నా విజయ నిర్వచనంలో ఎక్కువగా ఉంది. చేర్చడాన్ని విజయంగా, నిలుపుకోవడాన్ని శూన్యంగా చూపే కథనం నిర్వహణ శ్రమను అదృశ్యం చేస్తుంది. తరగతి గదిలో ఈ క్రీడను వాడే అధ్యాపకులు ఆ 10 సెకన్ల తరువాత ఏం జరుగుతుందన్న ప్రశ్నతోనే పాఠం ఆరంభించాలి.