నర్సమ్మ చేతులు

హైదరాబాద్ చిక్కడపల్లిలోనో అశోక్‌నగర్‌లోనో నెలలు నిండకుండా బిడ్డ పుడితే ఇంట్లోవాళ్ళకి ముందు గుర్తొచ్చే పేర్లలో నిలోఫర్ ఒకటి. 1953 నుంచి పసిబిడ్డల పెద్దాసుపత్రి అది. అలాంటి వార్డుల్లో నర్సమ్మ పనులన్నిటిలో నేను చేతులెత్తి మొక్కేది ఆమె చేతులు కడుక్కోవడానికి.

గాజులూ ఉంగరాలూ తీసేస్తుంది. అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళ కొనలు, బొటనవేలి చుట్టూ (మనమంతా మరిచిపోయేది ఆ బొటనవేలినే). 40 నుంచి 60 సెకన్లు. బిడ్డను తాకేముందు, తాకాక, పక్క బిడ్డ దగ్గరికి వెళ్ళేముందు మళ్ళీ. రాత్రి మూడింటికీ అంతే శ్రద్ధ.

ఎందుకంటే నెలలు నిండని బిడ్డ చర్మం ఉల్లిపొర. క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ లాంటి సూక్ష్మజీవులు సెలైన్ సూది వెంటే లోపలికి దూరగలవు. చాలా మందులకు లొంగవు కూడా. చేతులు కడిగితే ఏమవుతుందో పాత అనుభవమే చెబుతుంది: 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు తోటి డాక్టర్ల చేత క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగిస్తే బాలింతల మరణాలు బాగా తగ్గాయి. ఖరీదైన యంత్రాలు లేనిచోట కూడా సబ్బూ, పారే నీళ్ళూ, తల్లిపాలూ, తల్లి గుండెల మీది వెచ్చదనమూ పనిచేస్తాయి.

నీళ్ళ పంపు దగ్గర ఆమె నిలబడ్డప్పుడు తొందరపెట్టకండి. ఆ నిమిషం బిడ్డది.