'ఇస్రాఫ్'కు 'దుబారా' చాలునా?

దివ్య ఖుర్ఆన్‌లోని 'ఇస్రాఫ్' అనే పదానికి తెలుగు ప్రసంగాలలోనూ రచనలలోనూ 'దుబారా ఖర్చు' అనే అర్థం వాడుకలో ఉంది. అది తప్పు కాదు, ఇరుకైనది. ఖర్చు అనగానే మనసు డబ్బు మీదికి పోతుంది. వలీమాలో పారబోసిన బిర్యానీ దుబారాగా కనబడుతుంది గాని, చవకగా కొని ఏడాది తిరగకముందే పారవేసిన వస్తువు పొదుపుగానే చెల్లుతుంది.

అరబీలో ఇస్రాఫ్ అంటే హద్దు మీరడం. ఇబ్నె మాజాలోని ఒక రివాయత్ పారే నది ఒడ్డున చేసే వుజూలో కూడా ఇస్రాఫ్ ఉంటుందంటుంది. దాని సనదు బలహీనమని పలువురు ముహద్దిసులు చెప్పిన మాట నిజమే. అయినా అందులోని తర్కం గమనించదగినది: నది నీటికి వెల లేదు గదా!

ఈ భేదం పల్నాటి పాఠకునికి నిఘంటువు లేకుండానే తెలియాలి. పత్తి పండే ఆ సీమలో నూర్‌బాషాలు, అనగా దూదేకుల వారు, తరతరాలుగా చేసిన పని ఏమిటి? పరుపు కుట్టు విప్పి, ముద్దకట్టిన దూదిని వింటి నారితో ఏకి, ఆ దూదినే మళ్లీ నింపి కుట్టడం. గుడ్డ చిరిగితే గుడ్డ మారేది, దూది మిగిలేది. (ఉర్దూలో 'దుబారా' అంటే 'మరల' అని. తెలుగులో అదే ధ్వని గల మాట వృథాకు పేరైంది!) అల్ ఖారిఅ సూరాలో ప్రళయదినపు పర్వతాలకు ఏకిన ఉన్ని ఉపమానమైంది. అయినా ఏకేవారిని సాటి ముస్లిములే చిన్నచూపు చూడడం మానలేదు.

నేటి ఫోము పరుపు పెట్రోలియం నుండి పుట్టిన పాలియురితేను. అది కుంగితే ఏకడానికి వీలుండదు. మట్టిలో కలవదు, తగులబెడితే విషవాయువులు వెలువడతాయి.

బట్టల సంగతి ఇంకా కఠినం. 1987-88లో పంట దెబ్బతిని, అప్పుల పాలై గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిరైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. పల్నాడు అప్పటికి గుంటూరు జిల్లాలోనిదే. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలో రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా మరణించారు. వారిలో అధికులు విదేశీ దుకాణాలకు చవక దుస్తులు కుట్టే కార్మికులు. నాలుగు ఉతుకులకే మూలపడే చొక్కా వెనుక ఇలాంటి పొలమూ ఇలాంటి కార్ఖానా ఉంటాయి. కొన్నవాని జేబు మాత్రం తేలికపడదు. కనుక 'దుబారా ఖర్చు' అనే మాటకు అది చిక్కదు, 'హద్దు మీరడం' అన్నప్పుడే చిక్కుతుంది.

అలాగని పాత వృత్తిని ఊరికే పొగడడం కూడా న్యాయం కాదు. మూసిన గదిలో ఏళ్లతరబడి పీల్చిన దూదిధూళి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. పరుపు ఏకించుకున్న ఇల్లు ఏకినవాని దగ్గుకు ఎన్నడూ లెక్క కట్టలేదు.