హాజరు పట్టీ చదవడం

హాజరు తీసుకోవడం బడిలో అన్నిటికంటే చిన్న పని అనుకుంటాం. పేరు పిలుస్తాం, 'ప్రెజెంట్ సార్' అంటే గీత పెడతాం, పలక్కపోతే ఆబ్సెంటు వేస్తాం. తల పైకెత్తకుండానే అయిపోతుంది. ఇన్నేళ్లు పంతులుగా పనిచేశాక నాకు మాత్రం పాఠం చెప్పడం కంటే ఇదే కష్టమనిపిస్తుంది. పాఠం వచ్చిన పిల్లలతో చేసే పని. హాజరు రాని పిల్లల కోసం చేసే పని.

మాది కర్నూలు జిల్లా పడమటి వైపు పల్లె బడి. ఇక్కడ హాజరు పట్టీని రెండు రకాలుగా చదవాలి. నిలువుగా చదివితే ఊరు కనిపిస్తుంది. సంత రోజున సగానికి సగం ఆబ్సెంట్లే. పీర్ల పండగకు ముందూ వెనకా అంతే. ఉపాధి హామీ పని మొదలైన వారం నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లలు తగ్గిపోతారు. తల్లి పనికి పోతే ఆమె చంకలోని బిడ్డ వీళ్ల చంకకెక్కుతుంది. ఎండలు ముదిరాక నీళ్ల ట్యాంకరు వచ్చే పూట బిందెల దగ్గర కాపలా కూడా పిల్లలదే.

అడ్డంగా చదివితే ఒక్కో పిల్లా, పిల్లవాడూ కనిపిస్తారు. ప్రతి సోమవారం ఎగ్గొట్టేవాడికి ఇంటిపని రాయలేదన్న భయం ఉండొచ్చు. మధ్యాహ్న భోజనం తిన్నాక మాయమయ్యేవాడు గొర్రెల వెంట పోతున్నాడేమో కనుక్కోవాలి. నెలనెలా రెండు మూడు రోజులు రాని ఏడో తరగతి పిల్ల ఇంటికి కబురు పంపేముందు, బడి మరుగుదొడ్డిలో నీళ్లు వస్తున్నాయో లేదో మనమే చూసుకోవాలి. నెలాఖరున వేసే మొత్తంలో ఇవేవీ కనిపించవు.

కానీ విలువంతా ఆ మొత్తానికే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడికీ, 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనానికీ, అంటే పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం డబ్బిచ్చే పథకాలకు, 75 శాతం హాజరు షరతు పెట్టారు. షరతు మంచిదే. పిల్లల్ని పంపడానికి చాలా ఇళ్లలో అదొక కారణమైంది. అయితే ఒకసారి లెక్క వేసి చూడండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఏడాదికి కనీసం 200 పనిదినాలు ఉండాలి. అందులో 75 శాతమంటే 150. యాభై రోజులు రాకపోయినా షరతు నెగ్గినట్టే. ఆదివారాలు, సెలవులు కలుపుకుంటే అది రెండు నెలల పైమాట. నెలకు రెండు రోజులు మానేసినా ఏడాదికి ఇరవై, అంటే పదో వంతు. అమెరికాలో పదో వంతు రోజులు పోగొట్టుకున్న పిల్లల్ని దీర్ఘకాలిక గైర్హాజరు కింద విడిగా లెక్కిస్తారు. మన దగ్గర అలాంటి పిల్లవాడికి 'రెగ్యులర్‌గా వస్తాడు' అన్న మంచి పేరుంటుంది.

మానేసిన రోజుకి ఆ రోజు పాఠం ఒక్కటే పోతే నష్టం చిన్నదే. కానీ ఒక పాఠం మీదే ఇంకో పాఠం నిలబడుతుంది. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకుని చేసే తీసివేత చెప్పినప్పుడు రాని పిల్లవాడు, నెలలు గడిచాక భాగహారం దగ్గర చతికిలబడతాడు. వీడికి భాగహారం ఎక్కడం లేదని మనం అదే మళ్లీ మళ్లీ చెబుతుంటాం. ఒత్తులు నేర్పిన వారం జ్వరంతో పడుకున్న పిల్ల 'అమ్మ', 'అక్క' లాంటి చూసి చూసి ఉన్న మాటలు గబగబా చదివేస్తుంది, కొత్త పాఠంలో అడుగడుగునా ఆగిపోతుంది. రేపు నన్ను లేపి చదివిస్తారేమోనన్న భయంతో మర్నాడు కడుపునొప్పి అంటుంది. ఒక రోజు రాకపోవడం ఇంకో రోజు రాకపోవడానికి దారి తీస్తుంది. నేను చూసినంతలో బడి మానేసిన పిల్లల్లో చాలామంది ఇలా కొద్దికొద్దిగా మానేసినవాళ్లే.

మా వైపు వీటన్నిటినీ మించింది సుగ్గి, అంటే పంట పనుల కూలికి వలసపోవడం. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల ఊళ్ల నుంచి పత్తి తీయడానికి తెలంగాణకూ, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపూ కుటుంబాలకు కుటుంబాలే కదులుతాయి. "సుగ్గికి పోతాండాం సార్, సంటిదాన్ని చూసుకునేకి పెద్దపిల్ల కావాల" అని తల్లి అంటే కాదనడానికి నా దగ్గర మాట ఉండదు. ఆ కూలి డబ్బులు రాకపోతే ఆ ఇంటి అప్పు తీరదు. ఇలాంటి పిల్లల కోసం బళ్లలోనే సీజనల్ హాస్టళ్లు నడుపుతున్నారు. తల్లిదండ్రులు తిరిగొచ్చేదాకా తిండీ, పడకా, చదువూ అక్కడే. ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. అయితే వలసబండి కదలకముందే హాస్టల్ తెరవాలి. ఊరు ఖాళీ అయ్యాక తెరిచిన హాస్టల్ ఎవరికీ పనికిరాదు.

తల్లిదండ్రుల వెంట వెళ్లిన పిల్లలకు అక్కడ కూడా బడి ఉంటుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ లేదని ఏ ప్రభుత్వ బడీ పిల్లల్ని వెనక్కి పంపకూడదు. ఈ సంగతి కూలికి పోయేవాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. అందుకే బయల్దేరేముందు పిల్ల పేరు, తరగతి, పుట్టిన తేదీ ఒక కాగితం మీద రాసి, బడి ముద్ర వేసి ఇస్తుంటాను. అందరూ దాన్ని వాడరు. వాడినవాళ్ల పిల్లలు తిరిగొచ్చాక మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాల్సిన పని ఉండదు.

ఇదంతా జరిగే పనేనా అంటే, జరిగిన చోటు ఉంది. శాంతా సిన్హా, ఆమె నడిపిన ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ కార్యకర్తలు రంగారెడ్డి జిల్లా పల్లెల్లో కూలికి పోతున్న పిల్లల్ని శిబిరాల్లో చదివించి, వయసుకు తగిన తరగతుల్లో చేర్చారు. బడిలో లేని ప్రతి పిల్లా, పిల్లవాడూ బాల కార్మికులే అన్నది వాళ్ల సూత్రం. ఆ కృషికి 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసె అవార్డు వచ్చింది. చేర్చుకోవడంతో పని అయిపోదని, చేరినవాళ్లు నిలదొక్కుకునేదాకా వెంట ఉండాలని ఆ పని చూసి నేర్చుకోవాలి.

వెంట ఉండటానికీ ఒక పద్ధతి ఉంది. 'నిన్నెందుకు రాలేదురా' అని తరగతి మధ్యలో నిలబెట్టి గద్దిస్తే వాడు రేపు కూడా రాడు. రాని రోజు సాయంత్రమే ఇంటిమీదుగా వెళ్లి, 'ఏమ్మా, పాప కనపళ్లేదే, ఒంట్లో బాగుందా?' అని పలకరిస్తే సగం సంగతి గడపలోనే తెలుస్తుంది. తిరిగొచ్చిన రోజు పక్కన కూర్చోబెట్టుకుని పోయిన పాఠం కాసేపు చెబితే మిగతా సగం సరిపోతుంది. ఇప్పుడు హాజరు సెల్‌ఫోన్‌లో వేస్తున్నాం. అంకె పొద్దున్నే పైకి వెళ్లిపోతుంది. అంకె వెళ్లగానే మన పని అయిపోయిందనిపించడమే దాంతో వచ్చిన చిక్కు. పూర్వం ఎక్కువ రోజులు రాకపోతే పట్టీలో పేరు కొట్టేసేవారు. ఇప్పుడు ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఎవరినీ బడి నుంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. ఆ పేరున్న పిల్ల ఎక్కడుందో వెతకాల్సింది మాత్రం మనమే.

తల్లిదండ్రులారా, పెళ్లికో జాతరకో 'ఒక్క రోజేగా' అనిపించినప్పుడు ఈ నెలలో అది ఎన్నో ఒక్క రోజో లెక్క చూసుకోండి. తోటి టీచర్లారా, రాని పిల్ల ఇంటికి అదే రోజు కబురు పంపండి. అధికారులారా, సీజనల్ హాస్టళ్ల తాళాలు దసరాకు ముందే తీయండి. ఈ మూడూ జరిగిన ఊళ్లో 75 శాతం గురించి ఎవరూ ఎవరికీ గుర్తుచేయాల్సిన అవసరం రాదు.