కృతిపతి నుంచి చందాదారుల దాకా: క్రౌడ్‌ఫండింగ్ చిత్రాల్లో దాత స్థానం

వ్యాససంగ్రహం:
సృజనాత్మక కృతి కోసం అనేకమంది దగ్గర చిన్న చిన్న మొత్తాలుగా నిధి సేకరించడాన్ని నేడు క్రౌడ్‌ఫండింగ్ అంటున్నారు. దీనిపై జరిగే చర్చ ఎక్కువగా ఎంత సొమ్ము వచ్చింది, ఎన్ని రోజుల్లో వచ్చింది అన్న లెక్కల దగ్గరే ఆగిపోతోంది. ఇచ్చినవారికి కృతితో ఏర్పడే సంబంధం ఎటువంటిదన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. తెలుగు కావ్యసంప్రదాయంలోని కృతిపతి భావన ఆధారంగా ‘మంథన్’, ‘అమ్మ అరియాన్’, ‘వెరోనికా మార్స్’, ‘లూసియా’, ‘మను’ చిత్రాలను ఇది పరిశీలిస్తుంది. సొమ్ముకు ముందు దాతల మధ్య ఉన్న అనుబంధం, సొమ్ము ఇచ్చాక వారికి దక్కిన స్థానం అనే రెండింటినీ కలిపి చూసినప్పుడే ఇటువంటి కృతులను సరిగా అంచనా వేయగలమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్రౌడ్‌ఫండింగ్, కృతిపతి, చందా, ప్రేక్షక సమాజం, యాజమాన్యం, అభిరుచి.

1. ఉపోద్ఘాతం

తెలుగువారికి చందా కొత్త కాదు. వినాయక చవితి పందిరికి, ఊరి నాటకానికి, గ్రంథాలయానికి, పత్రికకు చందాలు ఇవ్వడం అందరూ ఎరిగినదే. ఇతర దేశాల్లోనూ ఇటువంటి ప్రయత్నాలు ఉన్నాయి. 1885లో న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమకు పీఠం కట్టడానికి సొమ్ము చాలనప్పుడు ‘ది వరల్డ్’ పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ ప్రజలకు పిలుపునిచ్చి లక్ష డాలర్లకు పైగా సేకరించాడు. దాతలు లక్షమందికి పైగా ఉన్నారు. వారిలో అత్యధికులు ఇచ్చింది డాలరు లోపే. అయినా దాతల పేర్లను పత్రికలో అచ్చువేశారు.

2009 ఏప్రిల్‌లో మొదలైన కిక్‌స్టార్టర్ సంస్థ ఈ పాత పద్ధతిని అంతర్జాలానికి తెచ్చింది. దాని నియమాల్లో రెండు ముఖ్యమైనవి. నిర్ణీత గడువులో లక్ష్యం చేరకపోతే ఎవరి సొమ్మూ తీసుకోరు. కృతిపై యాజమాన్యం సృష్టికర్తలదే. దాతకు బహుమతి ఉండవచ్చు గాని వాటా ఉండదు. మొదటి నియమం దాత సొమ్ముకు కొంత రక్షణ ఇస్తుంది. రెండవది దాత స్థానాన్ని నిర్ణయిస్తుంది. విమర్శకు పని కల్పించేది ఈ రెండవ నియమమే.

2. కృతిపతి భావన

ప్రాచీన తెలుగు కావ్యానికి కర్తతో పాటు భర్త కూడా ఉంటాడు. కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నవాడు కృతిపతి. అవతారికలో అతని వంశవర్ణన, షష్ఠ్యంతాల్లో అతని ప్రశంస, ఆశ్వాసాల ఆద్యంతాల్లో అతనికి సంబోధన కనిపిస్తాయి. కృతిపతి రాజే కానక్కరలేదు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయసెట్టి అనే వర్తకుడికి అంకితమిచ్చాడు. తిక్కన భారతాన్ని హరిహరనాథుడికి సమర్పించాడు. పోతన భాగవతాన్ని నరులకు అంకితమివ్వడానికి నిరాకరించడం తెలుగువారి స్మృతిలో స్థిరపడిన కథ.

ఈ సంప్రదాయంలో పోషకుడు ఇచ్చేది ధనం, పొందేది కీర్తి. అతని పేరు కావ్యశరీరంలో భాగమవుతుంది గనుక కావ్యం ఉన్నంతకాలం ఉంటుంది. అయితే కృతిపతి ఒక్కడే. కావ్యాన్ని వినే, చదివే జనానికి అవతారికలో చోటు లేదు. పోషకుడి స్థానంలోకి జనమే వచ్చినప్పుడు అవతారిక ఏమవుతుందన్న ప్రశ్నకు సినిమా పేర్ల పట్టిక జవాబు చెబుతుంది.

3. ‘మంథన్’: పేర్లు లేని కృతిపతులు

హైదరాబాదులో పుట్టిపెరిగిన శ్యామ్ బెనగల్ దర్శకత్వం వహించిన ‘మంథన్’ (1976) చిత్రానికి గుజరాత్ పాల సహకార సంఘాల్లోని 5 లక్షల మంది రైతులు తలా 2 రూపాయలు ఇచ్చారు. అలా 10 లక్షల రూపాయలు సమకూరాయి. చిత్రారంభంలో సమర్పకులుగా కనిపించేది ఆ రైతులే. అక్కడ ఒక్క వ్యక్తి పేరూ లేదు. వృత్తి, ప్రాంతం, సంఖ్య మాత్రమే ఉన్నాయి. కావ్యావతారికలోని వంశవర్ణన స్థానాన్ని ఇక్కడ వృత్తివర్ణన ఆక్రమించింది.

ఈ రైతులు సినిమా కోసం కూడిన గుంపు కారు. రోజూ ఒకే కేంద్రంలో పాలు పోసే సహకార సభ్యులు. వారి అనుబంధం సినిమా కన్నా ముందే శ్రమలో ఏర్పడింది. కథ కూడా వారిదే. పట్నం నుంచి వచ్చిన పశువైద్యుడు డాక్టర్ రావు పల్లెలో సహకార సంఘం నెలకొల్పే ప్రయత్నంలో పాల వ్యాపారినీ సర్పంచినీ ఎదుర్కొంటాడు. చివరకు అతడు ఊరు విడిచిపోతాడు. సంఘాన్ని నిలబెట్టే భారం భోలా వంటి దళితుల మీద పడుతుంది. నిపుణుడు వెళ్లిపోయాక కూడా సంఘం జనానిదిగా మిగలాలన్న ముగింపు, ఆ చిత్రం తయారైన పద్ధతికి సరిపోతుంది.

అయితే ఒక పరిమితిని గుర్తించాలి. రైతుల సొమ్ము సమాఖ్య ద్వారా వచ్చింది. కథారచనలో సహకారోద్యమ నాయకుడు వర్గీస్ కురియన్ భాగస్వామి. కాబట్టి ఉద్యమం తన కథను తాను చెప్పుకోవడంలో ఉండే ఆత్మప్రశంస ఇందులో లేదని అనలేము. కృతిపతి ప్రశంస సమూహానికి బదిలీ అయినంత మాత్రాన ప్రశంస కాకుండా పోదు.

4. ‘అమ్మ అరియాన్’: పంచుకున్న తర్వాత అడిగిన చందా

మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం 1984లో మిత్రులతో కలిసి ఒడెస్సా కలెక్టివ్ అనే బృందాన్ని ప్రారంభించాడు. ఆ బృందం కేరళలో ఊరూరా తిరిగి, చాప్లిన్ ‘ది కిడ్’ వంటి చిత్రాలను జనానికి చూపిస్తూ చందాలు సేకరించింది. ఆ సొమ్ముతో ‘అమ్మ అరియాన్’ (1986) తయారైంది.

ఇక్కడ క్రమం ముఖ్యం. తమకు నచ్చిన చిత్రాన్ని ముందు పంచుకున్నారు; ఆ తర్వాతే చేయి చాచారు. చందా ఇచ్చిన మనిషికి ఆ బృందం ఎటువంటి సినిమాను ప్రేమిస్తుందో కళ్లెదుటే కనిపించింది. రాబోయే చిత్రం పట్ల నమ్మకం వాగ్దానంలోంచి కాక, పంచుకున్న అభిరుచిలోంచి వచ్చింది.

కథానిర్మాణం కూడా దీనికి అనుగుణంగానే ఉంది. దారిలో ఒక యువకుడి శవాన్ని చూసిన పురుషన్, ఆ చావు కబురు అతని తల్లికి చెప్పడానికి వయనాడ్ నుంచి కొచ్చికి బయలుదేరుతాడు. దారిపొడవునా మృతుడి మిత్రులు ఒక్కొక్కరే తోడవుతారు. ఒక్కడితో మొదలైన నడక సమూహంగా మారుతుంది. ఊరూరా చందాలతో పోగైన నిధికీ, ఊరూరా మనుషులతో పోగైన ఈ యాత్రకూ ఉన్న సామ్యం యాదృచ్ఛికంగా కనిపించదు. నిధి సేకరించిన తీరు కథనంలోకి ప్రవేశించిన అరుదైన సందర్భమిది.

5. ‘వెరోనికా మార్స్’: పేరు ఉంది, హక్కు లేదు

పై రెండు చిత్రాలూ అంతర్జాలానికి ముందువి. అంతర్జాల యుగపు క్రౌడ్‌ఫండింగ్‌కు ప్రసిద్ధ ఉదాహరణ అమెరికన్ చిత్రం ‘వెరోనికా మార్స్’ (2014). ఆగిపోయిన ఒక టెలివిజన్ ధారావాహికకు కొనసాగింపుగా సినిమా తీయడానికి 2013 మార్చిలో దర్శకుడు రాబ్ థామస్ కిక్‌స్టార్టర్ ద్వారా 20 లక్షల డాలర్లు కోరాడు. ఒక్కరోజులోపే లక్ష్యం చేరింది. గడువు ముగిసేనాటికి 91 వేల మందికి పైగా అభిమానులు 57 లక్షల డాలర్లు ఇచ్చారు.

ఈ అభిమానుల మధ్య అనుబంధం లేదని అనలేము. ప్రసారం ఆగిన తర్వాత కూడా ఆ ధారావాహికను ఒకరికొకరు చెప్పుకుంటూ సజీవంగా ఉంచింది వారే. అంటే అభిరుచిని పంచుకోవడం ఇక్కడా ముందే జరిగింది. తేడా తర్వాతి దశలో వచ్చింది. ధారావాహిక హక్కులు వార్నర్ బ్రదర్స్ సంస్థవి. సినిమా హక్కులు కూడా దానివే. లాభం వస్తే అభిమానికి వాటా లేదు. ఇచ్చిన మొత్తాన్ని బట్టి స్క్రిప్టు ప్రతి, చొక్కా, డిజిటల్ ప్రతి వంటివి దక్కాయి. పెట్టుబడికి జంకిన పెద్ద సంస్థ తన నష్టభయాన్ని అభిమానుల మీదికి నెట్టిందన్న విమర్శలో బలం ఉంది.

అభిమానులు స్వచ్ఛందంగానే ఇచ్చారు గనుక అన్యాయం లేదన్నది ప్రతివాదం. ఎవరినీ మోసగించలేదన్నది నిజమే. కాని ఇష్టంగా ఇవ్వడం వల్ల దాత స్థానం మారదు. కృతిపతికి కీర్తి దక్కింది, సహకార రైతుకు సమర్పకత్వం దక్కింది. ఈ అభిమాని మాత్రం ముందుగా వెల చెల్లించిన కొనుగోలుదారుగానే మిగిలాడు.

6. ‘లూసియా’, ‘మను’: దక్షిణాది ప్రయోగాలు

కన్నడ దర్శకుడు పవన్ కుమార్ నిర్మాతలు దొరకని స్థితిని అంతర్జాలంలో రాసి, ప్రేక్షకులనే నిధి కోరాడు. 110 మంది 27 రోజుల్లో 51 లక్షల రూపాయలు ఇచ్చారు. అలా వచ్చిన ‘లూసియా’ (2013)లో నాయకుడు నిక్కీ, సినిమాహాల్లో టార్చిలైటుతో ప్రేక్షకులకు కుర్చీలు చూపించేవాడు. కలలో అతడు సినిమా తారగా మారతాడు. తెరకు ఇటువైపు ఉండవలసిన మనిషి అటువైపుకు దాటడమనే ఈ కల్పన, ప్రేక్షకుడు నిర్మాతగా మారిన ఆ చిత్ర నేపథ్యాన్ని గుర్తుచేస్తుంది.

తెలుగులో ఫణీంద్ర నర్సెట్టి దర్శకత్వంలో వచ్చిన ‘మను’ (2018) నూరుమందికి పైగా వ్యక్తుల సొమ్ముతో తయారైంది. దీనికి పూర్వరంగం యూట్యూబులో ఆదరణ పొందిన ఆయన లఘుచిత్రం ‘మధురం’. ఆ చిత్రం లింకును నచ్చినవారు తమవారికి పంపిన ప్రతిసారీ ఒక చిన్న సిఫారసు జరిగింది. ఒడెస్సా బృందం ఊళ్లలో తెర కట్టి చేసిన పనిని ఇక్కడ ప్రేక్షకులు తమంతట తాము చేశారు. అయితే ఒడెస్సా పంచింది ఇతరుల కృతులను. ఇక్కడ పంచుకున్నది దర్శకుడి సొంత కృతిని. మొదటిది అభిరుచికి, రెండవది ఒక ప్రతిభకు ప్రేక్షకులను కూడగడుతుంది.

మూడు గంటలకు దగ్గరైన నిడివి, నిదానమైన కథనం, చిత్రకళను తలపించే దృశ్యాలు ‘మను’ ప్రత్యేకతలు. మామూలు నిర్మాత వీటిని అనుమతించడం కష్టం. ఆ స్వేచ్ఛ జనం ఇచ్చినదే. కాని నూరుమంది దాతలున్నచోట ‘ఇక్కడ తగ్గించండి’ అని చెప్పగల ఒక్క గొంతు ఏదన్న ప్రశ్న కూడా మిగిలింది. వ్యాపార నిర్మాత ఒత్తిడి తొలగినప్పుడు దానితోపాటు సంస్కర్త పాత్ర కూడా తొలగిపోకూడదు.

7. ఉపసంహారం

పై పరిశీలనలో దాతకు మూడు స్థానాలు కనిపిస్తాయి: సమూహ సభ్యుడు, మదుపుదారు, ముందస్తు కొనుగోలుదారు. మూడింటినీ క్రౌడ్‌ఫండింగ్ అనే ఒకే పేరుతో పిలవడం వల్ల వీటి మధ్య భేదం మరుగున పడుతోంది. సేకరించిన మొత్తం విజయానికి కొలబద్ద కాదు. సొమ్ముకు ముందు దాతలు ఏమి పంచుకున్నారు, సొమ్ము తర్వాత వారికి ఏమి మిగిలింది అన్నవే సరైన ప్రశ్నలు.

తెలుగులో కవితాసంపుటాలు, పరిశోధనగ్రంథాలు, లఘుచిత్రాలు మిత్రుల చందాలతో, ముందస్తు కొనుగోళ్లతో వెలువడుతున్న కాలమిది. ఈ పద్ధతిలో ఇప్పటికే పేరున్నవారికి సొమ్ము సులభంగా చేరుతుంది. పరిచయాలు లేని కొత్త రచయితకు చేరదు. ఆ లోటును తీర్చగలది నచ్చిన కృతిని కారణం చెప్పి పదిమందికి చేరవేసే పాఠకుడే. ఆ పని విమర్శకు తొలిమెట్టు. దానిని ఉచిత ప్రచారంగా వాడుకొని వదిలేయకుండా, కృతిలో ఆ పాఠకుడి స్థానాన్ని గుర్తించడం సృష్టికర్తల బాధ్యత. అవతారికను కావ్యంలో భాగంగా చదివే సంప్రదాయం ఉన్న తెలుగు విమర్శ, నేటి పుస్తకాల కృతజ్ఞతల పుటను, సినిమా పేర్ల పట్టికను కూడా అంతే శ్రద్ధతో చదవవలసి ఉంది.